చెడ్డ కబురు ఎవరికి, ఎప్పుడు చెప్పాలి? దేశానికో ఆఫీసు పద్ధతి

పుత్తూరులోనో శ్రీకాళహస్తిలోనో పాలిటెక్నిక్ పూర్తిచేసిన కుర్రాడికి ఇప్పుడు జిల్లా దాటకుండానే నాలుగు దేశాల బాసులు దొరుకుతారు. తడ దగ్గర, తమిళనాడు సరిహద్దును ఆనుకుని 2008లో మొదలైన శ్రీసిటీలో ఇసుజు, డైకిన్, కోబెల్కో లాంటి జపాన్ కంపెనీలున్నాయి. ఫ్రాన్స్ కంపెనీ ఆల్‌స్టామ్ ఇక్కడ తయారుచేసిన మెట్రో రైళ్లు చెన్నై, కొచ్చిల్లోనే కాదు, ఆస్ట్రేలియాలోని సిడ్నీలోనూ తిరుగుతున్నాయి. 2025 మేలో కొరియా వాళ్ల ఎల్‌జీ ఫ్యాక్టరీకి శంకుస్థాపన జరిగింది. ఏర్పేడు దగ్గర వికృతమాలలో చైనా కంపెనీ టీసీఎల్ ఉంది. చిత్తూరు వైపు వెళితే తోతాపురి మామిడి గుజ్జు అటు గల్ఫ్‌కూ ఇటు యూరప్‌కూ ఎగుమతి అవుతోంది.

అందుకే విదేశీయులతో ఎలా మసలుకోవాలో నేర్పే క్లాసులకు గిరాకీ పెరిగింది. జపాన్ వాళ్లు ఇచ్చిన విజిటింగ్ కార్డును రెండు చేతులతో అందుకోవాలి, అరబ్బులకు ఎడమ చేత్తో ఏదీ ఇవ్వకూడదు, జర్మన్లతో మీటింగ్ ఉంటే ఐదు నిమిషాలు ముందే వెళ్లాలి. ఇవన్నీ నిజమే, తెలుసుకుంటే మంచిదే. అయితే వీటిలో పొరపాటు జరిగినా కొత్తవాడు కదా అని సర్దుకుపోతారు. సర్దుకుపోనిది ఇంకొకటుంది. పని చెడుతున్నప్పుడు ఆ సంగతి ఎప్పుడు చెప్పారు, ఎవరికి చెప్పారు, ఎలా చెప్పారు అన్నది. దేశానికీ దేశానికీ ఉన్న అసలు తేడా బయటపడేది అక్కడే. మన పిల్లలు ఎక్కువగా దెబ్బతినేదీ అక్కడేనని నా నమ్మకం.

మధ్యాహ్నం మూడున్నర అనుకోండి. షిఫ్ట్ దిగడానికి ఇంకో అరగంట ఉంది. మెషిన్ దగ్గరున్న కుర్రాడికి చేతికే తెలిసిపోయింది, పొద్దున సులువుగా పోయిన, కొలత చూసే గేజ్ ఇప్పుడు కాస్త బిగుతుగా పోతోందని. టూల్ అరుగుతోంది. కొలత ఇంకా హద్దు దాటలేదు కానీ దాటేలా ఉంది. అటుగా వచ్చిన సూపర్‌వైజర్ "అంతా బాగుందా?" అని అడిగాడు. "బాగుంది సార్" అని కుర్రాడు తల ఊపాడు. అబద్ధం చెప్పాలని కాదు. మన ఇళ్లలో, బడుల్లో పెద్దవాళ్ల ముందుకు సమస్యతో వెళ్లడమంటే చేతగానితనం ఒప్పుకున్నట్టే. ముందు మనమే సర్దుకోవాలి, ఇక కుదరదన్నప్పుడే నోరు విప్పాలి. తిడతారన్న భయం ఎంత ఉంటుందో, సార్‌ను ఊరికే టెన్షన్ పెట్టడం ఎందుకన్న మర్యాదా అంతే ఉంటుంది.

జపాన్ పద్ధతిలో నడిచే ఫ్యాక్టరీలో ఈ మర్యాదే పెద్ద తప్పవుతుంది. అక్కడ కొత్తగా చేరినవాళ్లకు హోరెన్సో అనే అలవాటు నేర్పుతారు. జరిగింది పైవాళ్లకు చెప్పాలి, సంబంధం ఉన్నవాళ్లందరికీ తెలియజేయాలి, సొంతంగా ఏదైనా చేసే ముందు సంప్రదించాలి. చిన్న విషయమే కదా అని ఆగకూడదు. టయోటా వాళ్ల ఆండాన్ తాడు వెనక ఉన్నదీ ఇదే ఆలోచన. లైన్ మీద పనిచేసే ఎవరికైనా తేడా కనిపిస్తే తాడు లాగొచ్చు. టీమ్ లీడర్ వచ్చి చూస్తాడు, సమయానికి సర్దుబాటు కాకపోతే లైన్ ఆగిపోతుంది. తాడు లాగినవాడి మీద నేరం మోపరు. పైన చెప్పిన కుర్రాడు మూడున్నరకే చెప్పి ఉంటే టూల్ మార్చి, చివరగా తీసిన కొన్ని భాగాలు కొలిస్తే సరిపోయేది. మర్నాడు బయటపడితే రాత్రి షిఫ్ట్‌లో చేసిన సరుకంతా విప్పి మళ్లీ కొలవాలి. అప్పుడు మేనేజర్ అడిగే మొదటి ప్రశ్న టూల్ గురించి ఉండదు. నిన్న ఎందుకు చెప్పలేదన్నదే ఉంటుంది. "అయిపోతాది సార్" అన్న మాటతో మన దగ్గర ఎన్నో పనులు నడిచిపోతాయి. ఆ ఫ్యాక్టరీలో ఆ మాట రెండోసారి వినిపిస్తే మనిషి మీదే నమ్మకం పోతుంది.

మనవాళ్లు ఇంకా తికమకపడే విషయం ఒకటుంది. పనిలో తేడా వస్తే వెంటనే చెప్పమనే జపాన్ వాళ్లు, మీటింగ్‌లో మాత్రం ఎదుటివాడి ఆలోచన నచ్చకపోయినా అందరి ముందు కాదనరు. కారణం, వాళ్ల దగ్గర నిర్ణయం మీటింగ్‌లో జరగదు. ప్రతిపాదన ఉన్నవాడు ముందుగా ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి, విడిగా మాట్లాడి, అభ్యంతరాలు తీరుస్తాడు. ఆ పనిని నెమవాషి అంటారు. తర్వాత రింగి అనే కాగితం కింది నుంచి పైదాకా తిరిగి అందరి ముద్రలూ వేయించుకుంటుంది. మన ఊళ్లో తాంబూలాలు మార్చుకునే రోజున ఎవరూ కొత్తగా ఇచ్చిపుచ్చుకోవడాల బేరం మొదలుపెట్టరు కదా, అలాగే వాళ్ల మీటింగ్ అప్పటికే కుదిరినదాన్ని అందరి ముందు ఖాయం చేసుకునే చోటు. ఈ సంగతి తెలియని మన ఇంజనీరు మంచి ఆలోచనను నేరుగా మీటింగ్‌లో పెడతాడు. అందరూ మౌనంగా వింటారు. "బాగుంది, ఆలోచిద్దాం" అంటారు. ఒప్పుకున్నారనుకుని ఇతను పని మొదలుపెట్టేస్తాడు. ఆ మాటకు చాలాసార్లు వద్దనే అర్థం. "చూద్దాంలే" వింటూ పెరిగినవాళ్లం, మనకిది పట్టుకోవడం కష్టం కాకూడదు. పరాయి దేశం అనేసరికి మనకు తెలిసినదాన్ని కూడా పక్కన పెట్టేస్తున్నాం.

జర్మన్ల దగ్గర లెక్క తిరగబడుతుంది. "ఈ డ్రాయింగ్‌లో మూడు తప్పులున్నాయి" అని పదిమంది ముందే చెబుతారు. మన ఇంజనీరుకు తల కొట్టేసినట్టుంటుంది. చెప్పినాయన సాయంత్రం అతని పక్కనే కూర్చుని మామూలుగా భోంచేస్తాడు, ఎందుకంటే ఆయన దృష్టిలో విమర్శ డ్రాయింగ్ మీదే తప్ప మనిషి మీద కాదు. అలాంటి మీటింగ్‌లో అభ్యంతరం ఉండీ చెప్పకపోతే సిద్ధం కాకుండా వచ్చాడనుకునే ప్రమాదముంది. చర్చ సాగదీసినట్టు అనిపిస్తుంది కానీ, ఒకసారి తేలాక మధ్యలో మార్చమంటే ఎవరూ ఒప్పుకోరు.

అమెరికన్లు ముందు మెచ్చుకుంటారు. "చాలా బాగా చేశావు, నీ శ్రమ కనిపిస్తోంది, ఒక్క చిన్న విషయం ఆలోచిస్తే బాగుంటుందేమో" అని వస్తుంది మెయిల్. మనవాళ్లు మొదటి రెండు ముక్కలూ చదివి ఇంట్లో చెప్పుకుని సంతోషపడతారు. అసలు కబురు మూడోదే. చిన్న విషయం అన్నది తప్పకుండా మార్చాల్సిన విషయం. నిర్ణయాలు త్వరగా తీసుకుంటారు, అంతే త్వరగా మార్చుకుంటారు. కాబట్టి సోమవారం చెప్పినదాన్ని గురువారం మార్చేస్తే మాట తప్పారని బాధపడే పని లేదు.

అమెరికా గురించి మన దగ్గర ఒక పెద్ద అపోహ ఉంది. బాస్‌ను పేరు పెట్టి పిలవొచ్చు, జీన్స్ వేసుకుని రావొచ్చు, కాబట్టి అక్కడ అందరూ సమానమే అనుకుంటారు. పిలుపు వేరు, అధికారం వేరు. మోంటానా మినహా మిగతా రాష్ట్రాలన్నిటిలో అమెరికా కంపెనీ ఒక ఉద్యోగిని, చట్టం నిషేధించిన వివక్ష లాంటి కారణాలు కానంతవరకూ, కారణం చెప్పకుండానే తీసేయవచ్చు. భుజం మీద చెయ్యేసి మాట్లాడిన బాసే మర్నాడు లాప్‌టాప్ ఇచ్చేయమనగలడు. జపాన్‌లో వంగి నమస్కరించాలి, ఎవరు ఏ కుర్చీలో కూర్చోవాలో కూడా లెక్క ఉంటుంది, అయినా అక్కడ శాశ్వత ఉద్యోగిని తీసేయడానికి తగిన కారణం చూపించలేకపోతే కోర్టులో నిలవదు. జర్మనీలో మేనేజర్‌ను ఇంటిపేరుతో గౌరవంగా పిలిచే ఉద్యోగులే తమ ప్రతినిధులను ఎన్నుకుంటారు. ఐదుగురు శాశ్వత సిబ్బంది ఉన్న చోట కూడా ఉద్యోగుల మండలిని ఎన్నుకునే హక్కుంది, పని వేళల్లాంటి విషయాల్లో ఆ మండలి ఒప్పుకోకుండా యాజమాన్యం మార్పులు చేయలేదు. కాబట్టి ఏ కంపెనీలో చేరినా సార్ అనాలా పేరు పెట్టి పిలవాలా అన్నదానికంటే, ఎవరి మాట చెల్లుతుంది, ఆ మాటను ఎవరు అడ్డుకోగలరు అన్నది ముందు కనుక్కోవాలి.

ఇలా చూస్తే, సంస్కృతి అని మనం అనుకునేవాటిలో చాలా భాగం వెనక చట్టం ఉందని తెలుస్తుంది. జర్మన్ సహోద్యోగి రాత్రి తొమ్మిదికి ఫోన్ ఎత్తకపోతే పొగరు అనుకుంటాం. అక్కడి చట్టం ప్రకారం ఒక రోజు పని ముగిశాక మళ్లీ మొదలుపెట్టే లోపల 11 గంటల విశ్రాంతి ఉండాలి. ఫ్రాన్స్‌లో 50 మంది, ఆపైన ఉద్యోగులున్న కంపెనీలు పని వేళలు దాటాక ఫోన్లు, మెయిళ్ల విషయంలో ఉద్యోగులతో చర్చించి పద్ధతి పెట్టుకోవాలన్న నియమం 2017 జనవరిలో అమల్లోకి వచ్చింది. పని వేళలు దాటాక వచ్చే ఫోన్లకు, మెయిళ్లకు జవాబివ్వకుండా ఉండే హక్కు ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టు నుంచి ఉంది. కొరియా 2018లో వారానికి 52 గంటల పరిమితి తెచ్చింది. పని ఒత్తిడితో మనుషులు చనిపోవడానికి కరోషి అని పేరే ఉన్న జపాన్‌లో 2019 నుంచి ఓవర్‌టైమ్‌కు హద్దు ఉంది, మామూలుగా నెలకు 45 గంటలు, ఏడాదికి 360 గంటలు. చైనాలో టెక్ కంపెనీలు పొద్దున 9 నుంచి రాత్రి 9 దాకా, వారానికి 6 రోజులు పని చేయించడం చట్టవిరుద్ధమని 2021 ఆగస్టులో అక్కడి సుప్రీం కోర్టు తేల్చి చెప్పింది. మన రాష్ట్రంలో 2025 జూన్‌లో రోజువారీ పని పరిమితిని 9 గంటల నుంచి 10కి పెంచే సవరణకు మంత్రివర్గం ఆమోదం తెలిపింది. రాత్రి పదింటికి వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టి "చూశావా?" అని అడగడం మనకు మామూలైపోయింది. ఈ అలవాటును మనం మంచి పనితనంగా చెప్పుకోవడం నాకు నచ్చదు. అవతలి దేశాలవాళ్లు అలా ఉండకపోవడం సోమరితనం కాదు, వాళ్ల కార్మికులు పోరాడి సంపాదించుకున్న హక్కు.

దేశాల స్వభావాలను అంకెల్లో కొలవాలని చూసినవాళ్లూ ఉన్నారు. డచ్ పరిశోధకుడు హోఫ్‌స్టెడ్ 1967 నుంచి 1973 దాకా ఐబీఎం ఉద్యోగులు నింపిన లక్షకు పైగా ప్రశ్నపత్రాలను పరిశీలించాడు. అధికారంలో హెచ్చుతగ్గులను కిందివాళ్లు ఎంత సహజంగా ఒప్పుకుంటారన్న కొలతలో భారత్‌కు 77, జపాన్‌కు 54, అమెరికాకు 40, జర్మనీకి 35 వచ్చాయి. జపాన్ వాళ్లు మనకంటే ఎక్కువ అనుకునేవాళ్లకు ఈ అంకె ఆశ్చర్యంగా ఉంటుంది. అయితే అదంతా ఒకే కంపెనీ ఉద్యోగుల మీద, యాభై ఏళ్ల కిందట చేసిన పని. అమెరికా మానవశాస్త్రవేత్త ఎడ్వర్డ్ హాల్ చెప్పిన విభజన నాకు ఇంకా పనికొస్తుందనిపిస్తుంది. కొన్ని సమాజాల్లో చెప్పాల్సినదంతా మాటల్లోనే ఉంటుంది, కొన్నిటిలో సగం మాటల బయట, అంటే మొహంలో, మౌనంలో, ఎవరు చెప్పారన్నదానిలో ఉంటుంది. జర్మన్లు మొదటి రకం, జపాన్ వాళ్లూ అరబ్బులూ మనమూ రెండో రకం. ఏది చదివినా దాన్ని ఎదుటి మనిషి మీద ముద్రగా వేయకూడదు. ఒసాకా నుంచి వచ్చి పదేళ్లుగా చెన్నైలో ఉంటున్న మేనేజర్ పుస్తకంలోని జపనీయుడిలా ఉండాలనేమీ లేదు. కడప మనిషీ కాకినాడ మనిషీ ఒకేలా ఉంటారని మనమే ఒప్పుకోం కదా.

చిత్తూరు గుజ్జు ఫ్యాక్టరీలను తీసుకుంటే ఈ తేడా ఒకే సరుకు మీద కనిపిస్తుంది. జూన్ నెల, కాయ దిగుతోంది, ఫ్యాక్టరీ రాత్రింబవళ్లు నడుస్తోంది. ఒక కంటైనర్ ఆలస్యమయ్యేలా ఉంది. సౌదీలో కొనేవాడికి చెప్పాలి. అక్కడ 2013 నుంచి శుక్ర, శనివారాలు సెలవు, ఆదివారం పనిరోజు. దుబాయ్‌లోనేమో 2022 జనవరి నుంచి ప్రభుత్వ ఆఫీసులు శని, ఆదివారాలకు మారాయి. ఒక్క గల్ఫ్‌లోనే ఇన్ని లెక్కలున్నాయి. మన మేనేజర్ శుక్రవారం మెయిల్ కొట్టి ఊరుకుంటే రియాద్‌లో దాన్ని తెరిచేది ఆదివారం, అప్పుడు మన ఆఫీసుకు తాళం. పైగా ఇలాంటి కబురు మెయిల్‌లో మొదటిసారి చదవడం వాళ్లకు చిన్నతనంగా ఉంటుంది. ఫోన్ చేయాలి, అదీ గుమాస్తా కాదు, ఆయనతో బేరం కుదిర్చిన పెద్దాయనే చేయాలి. ఆరోగ్యం, పిల్లల చదువులు అడగాలి, ఇంట్లో ఆడవాళ్ల గురించి మాత్రం అడగకూడదు. ఆ తర్వాత విషయం చెప్పాలి. ఆ మొదటి ఐదు నిమిషాలను వృథా అనుకోవద్దు. ఆయన నమ్మకం కాగితం మీద కంటే మనిషి మీదే ఎక్కువ.

అదే సరుకు నెదర్లాండ్స్‌కు వెళ్లింది. అక్కడి నుంచి నాలుగు లైన్ల మెయిల్. ఫలానా లాట్, ఒప్పందంలో బ్రిక్స్ (గుజ్జులో తీపి కొలత) కనీసం 14, మా పరీక్షలో 13.6, ఈ లాట్ తీసుకోవడం కుదరదు. నమస్కారం లేదు, విచారం లేదు. చదివిన మన మేనేజర్‌కు కోపం ముంచుకొస్తుంది, ఇన్నేళ్లుగా సరుకు ఇస్తున్నామే, ఒక్క ఫోన్ చేయకూడదా అని. పాత సంబంధాన్ని గుర్తుచేస్తూ పెద్ద ఉత్తరం రాస్తాడు. డచ్ వాళ్లకు అందులో పనికొచ్చేది ఒక్కటీ దొరకదు. వాళ్లు వద్దన్నది ఆ లాట్‌ను, మనల్ని కాదు. మన దగ్గర దాచిన నమూనాను మళ్లీ పరీక్షించిన రిపోర్టు, బదులు సరుకు ఎప్పుడు పంపుతామన్న తేదీ, ఈ రెండూ రాస్తే వచ్చే సీజన్‌కు ఆర్డర్ ఎక్కడికీ పోదు.

కానుకల సంగతి కొద్దిగా చెప్పాలి, తిరుపతిలో దాన్ని వదిలేయలేం. ఎవరొచ్చినా శాలువా కప్పి, లడ్డూ ప్రసాదం చేతిలో పెట్టడం మన ఆనందం. ఇస్తూ అది దేవుడికి నివేదించినదని చెప్పండి. వేరే మతంవాళ్లలో కొందరు దాన్ని తినరు, తెలియకుండా తినిపించడం వాళ్లకూ ప్రసాదానికీ గౌరవం కాదు. వెండి ప్రతిమల్లాంటి ఖరీదైనవి వద్దు. విదేశీ అధికారులకు లంచాలివ్వడాన్ని నేరం చేస్తూ అమెరికా 1977లో, ఇంకా కఠినంగా బ్రిటన్ 2010లో చట్టాలు చేశాయి. అందుకే చాలా కంపెనీల్లో బహుమతి విలువకు పరిమితి ఉంటుంది, దాటితే పుచ్చుకున్నవాళ్లు చిక్కుల్లో పడతారు. శ్రీకాళహస్తి కలంకారీ చిన్న ముక్క అయితే ఎవరికైనా ఇవ్వొచ్చు. చైనా వాళ్లకు గడియారం ఇవ్వకండి, వాళ్లకది అశుభం. జపాన్ అతిథి మీ ముందు పొట్లం విప్పకపోతే నచ్చలేదని కాదు, అది వాళ్ల మర్యాద.

ఇంతవరకూ మనం నేర్చుకోవాల్సినదే చెప్పాను. ఇక్కడికొచ్చి ఫ్యాక్టరీ పెట్టినవాళ్లు నేర్చుకోవాల్సిందీ తక్కువేమీ కాదు, ఆ భారమంతా మన పిల్లల మీదే వేయడం న్యాయం కాదు. పదిమందిని నిలబెట్టి "అందరికీ అర్థమైందా?" అని అడిగితే తిరుపతిలో వచ్చే జవాబు అవుననే. అర్థం కానివాడు పదిమందిలో చెప్పడు. విడిగా పిలిచి, "ఈ పని ఎప్పటికవుతుంది, అడ్డం వచ్చేదేమైనా ఉందా?" అని అడిగితే ఉన్నదున్నట్టు చెబుతాడు. కొత్త మేనేజర్ మొదటి నెలలో ఒక్కసారి చెడ్డ కబురు తెచ్చినవాడిని అందరి ముందు మెచ్చుకుంటే, ఆ తర్వాత గోడల మీద అంటించే నినాదాల అవసరం పెద్దగా ఉండదు. తిట్టాడంటే మాత్రం ఆ లైన్ మీద ఏడాదిపాటు అంతా బాగానే ఉంటుంది, రిపోర్టుల్లో.

ముహూర్తాల విషయంలో మనం మరీ మొహమాటపడతాం. శుక్రవారం పదకొండింటికి సంతకాలు అంటే మన యజమానికి లోపల గుబులు, పదిన్నర నుంచి పన్నెండు దాకా రాహుకాలం. ఆ మాట చెబితే మూఢనమ్మకం అనుకుంటారేమోనని బండి ఆగిపోయిందని చెప్పి పన్నెండు దాటాక వస్తాడు. అవతలివాళ్లకు మిగిలేది ఒకటే, ఈయన మాట మీద నిలబడడన్న అభిప్రాయం. జపాన్ క్యాలెండర్‌లో తైయాన్ అనే మంచిరోజు ఉంటుంది, పెళ్లిళ్లూ ప్రారంభోత్సవాలూ ఆ రోజు చూసి పెట్టుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కొత్త కట్టడం మొదలుపెట్టే ముందు షింటో పూజారితో మన భూమిపూజ లాంటి జిచిన్‌సాయ్ జరిపిస్తారు. ఎనిమిది కలిసొస్తుందని నమ్మే చైనా వాళ్లు బీజింగ్ ఒలింపిక్స్‌ను 2008 ఎనిమిదో నెల ఎనిమిదో తేదీ రాత్రి 8 గంటలకు ప్రారంభించారు. కాబట్టి రెండు రోజుల ముందే "మా పద్ధతిలో ఆ వేళ మంచిది కాదు, పదింటికి పెట్టుకుందామా?" అని అడగండి. చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు.

మన పాలిటెక్నిక్‌లలో, ఐటీఐలలో, ఎంబీఏ కాలేజీల్లో ప్లేస్‌మెంట్ శిక్షణ అంటే టై కట్టుకోవడం, కరచాలనం చేయడం, తన గురించి రెండు నిమిషాలు మాట్లాడటం వరకే ఉంటోంది. అందులో ఒక పూట తీసి ఈ అభ్యాసం చేయించమని కోరుతున్నాను. ఒక్కటే కబురు ఇవ్వండి: శుక్రవారం ఇవ్వాల్సిన సరుకు సోమవారానికి గానీ కాదు. జపాన్ మేనేజర్‌కు దాన్ని అనుమానం వచ్చిన మంగళవారమే చెప్పాలి, కారణం పూర్తిగా తెలియకపోయినా సరే, ఇప్పటిదాకా ఏం చూశామో చెప్పి ఏం చేయమంటారని అడగాలి. జర్మన్‌కు కారణం, కొత్త తేదీ, ఆ తేదీ ఎలా లెక్కగట్టామో రాయాలి. అమెరికన్‌కు రెండు దారులు చూపించి, వాటిలో మనం ఏది మేలనుకుంటున్నామో చెప్పాలి. సౌదీ ఆయనకు ఫోన్ ఎవరు చేయాలో ముందు తేల్చుకోవాలి. పిల్లలు రాసినవాటిని దిద్దేటప్పుడు ఇంగ్లీషు తప్పుల జోలికి చివర్లో వెళ్లొచ్చు. సోమవారం అన్న మాట ఎన్నో లైన్‌లో వచ్చిందో ముందు చూడండి.